పేరు లేని బటన్

ప్రతి ఉదయం ఏడున్నర బస్సుకు క్రిస్టినా పత్తికొండ నుంచి కర్నూలుకు పోతుంది. ఒక చేతిలో తెల్లకర్ర, ఇంకో చేతిలో ఫోను. ఆ ఫోనులో వాళ్ల నాయన జయరాజ్ ఉంటాడు.

జయరాజ్ పోయి పదకొండు నెలలైంది. సమాధి చేసిన మూడో రోజు ఆమె ఫోను తెరిస్తే, చూపులేనివాళ్ల కోసం తెరమీది అక్షరాలు చదివిపెట్టే మిషను ఆడగొంతు వినపడలేదు. నాయన గొంతు వినపడింది. "బ్యాటరీ ముప్పై రెండు శాతం," అన్నాడు, ఆదివారం చర్చిలో వాక్యం చదివినంత శ్రద్ధగా.

ఊళ్లో ఎవరూ దీనికి వింతపడలేదు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, టీ తాగి, ఫోనుకు కూడా వందనాలు చెప్పి వెళ్లారు. పక్కింటి నాగక్క మాత్రం ఉన్నమాట చెప్పింది. ఆమె భర్త అయ్యన్న కూడా పోయినాక రెండేళ్లు రేడియోలో ఉన్నాడు. కడప వార్తలన్నీ ఆ ఇంట్లో ఆయన గొంతుతోనే వచ్చేవి.

"రేషను కార్డులో పేరుండేంతవరకే ఉంటారు పాపా. పేరు తీపిచ్చిన దినమే మా ఆయప్ప పోయినాడు. మళ్లా ఆ రేడియో నేను పెట్టల్యా," అంది.

బతికున్నన్నాళ్లూ జయరాజే కూతురికి కళ్లు. టమోటా మార్కెట్లో బుట్టలు మోసి ఇంటికొచ్చి, చెమట ఆరకముందే ఆమె పాఠాలు చదివి వినిపించేవాడు. బస్సు బోర్డులు, గోడలమీది ఎన్నికల రాతలు, మందు సీసామీది సన్నక్షరాలు, ఏవీ వదిలేవాడు కాదు. ఉన్నది ఉన్నట్టు చదివేవాడు. సొంతమాట ఒక్కటి కలిపేవాడు కాదు. పోయినాక కూడా ఆ గుణం మారలేదు. "నాయనా, ఎట్లుండావు?" అని క్రిస్టినా ఎన్నిసార్లు అడిగినా తెరమీద ఉన్నదే చదివాడు గానీ జవాబివ్వలేదు. ఆ మొండితనానికి ఆమె కొన్నాళ్లు ఏడ్చింది, కొన్నాళ్లు అలిగింది, తర్వాత అలవాటు పడింది.

కర్నూలులో ఆమెకు దొరికింది ఒక సర్కారు ఆఫీసులో మూడు నెలల పని. రేషను కార్డులు, పింఛన్ల వెబ్‌సైటును చూపులేనివాళ్లు ఒకరి సాయం లేకుండా వాడుకోగలరో లేదో పరీక్షించి చెప్పాలి. బటనుకు లోపల పేరు రాసిపెడితేనే ఫోను దాన్ని చదవగలదు. రాయకపోతే వట్టి "బటన్" అని ఊరుకుంటుంది. ఏది నొక్కితే దరఖాస్తో, ఏది నొక్కితే రద్దో ఆ దేవుడికే తెలియాలి. ఆ సైటు కట్టినవాళ్లకు కళ్లు మాత్రం బాగా ఉన్నట్టున్నాయి, అంతకుమించి ఏమీ ఉన్నట్టు లేదు.

తప్పులు దిద్దే ఇంజనీరు క్రాంతి కుమార్ పక్కనే కూర్చునేవాడు. "జయరాజన్నా, ఇంగొకసారి చదువు," అని ఫోనునే అడిగేవాడు. జయరాజ్ చదివేవాడు. దిద్దడం, మళ్లీ చదివించడం. రెండు నెలలు తిరిగేసరికి నందికొట్కూరు నుంచి హనుమన్న అనే ముసలాయన ఆఫీసుకు ఫోను చేశాడు. "పుట్టుగుడ్డోణ్ణి పాపా. ఒకరి కాళ్లు పట్టుకోకుండా నా పింఛను ఇవరం నేనే సూసుకుంటి," అని చెప్పి పెట్టేశాడు.

ఒక్క పేజీ మాత్రం అలాగే ఉండిపోయింది. కార్డులోంచి చనిపోయినవాళ్ల పేరు తీసేసే పేజీ అది. దాని అడుగున ఉన్న బటనుకు పేరు లేదని క్రిస్టినాకు మొదటివారమే తెలుసు. అయినా తన నివేదికలో ఆ పేజీకి ఎదురుగా "బాగుంది" అని రాసింది.

ఇంట్లో తల్లి వరమ్మకు వేరేమాట చెప్పింది. "ఆ పేజీ నాకు పలకల్యామ్మా. పలికినంక నా సేత్తోనే సేస్తా. నాయన పేరు ఇంగెవరూ తీయగూడదు."

కార్డులో మొగుడు బతికుంటే వితంతు పింఛను రాదు. కొత్త దరఖాస్తులకు నెలాఖరే గడువు, మళ్లీ ఎప్పుడు తీసుకుంటారో ఎవరూ చెప్పలేరు. మోకాళ్లు అరిగిపోయిన వరమ్మ ఇంకా టమోటా కోతకు పోతూనే ఉంది. అయినా కూతుర్ని ఒక్కమాట అడగలేదు. సాయంత్రాలు ఫోను దగ్గర కూర్చుని, రేపటి ఎండ ఎంతో జయరాజ్ చదువుతుంటే వినేది. ఆమెకూ ఆ గొంతు కావాలి. మొన్న మాత్రం చేలో కూలబడిపోతే ఇద్దరు పట్టుకొచ్చి ఇంట్లో దించారు. రాత్రంతా ఆమె మూలుగు అణుచుకోవడం క్రిస్టినా విన్నది.

పింఛను గడువు రేపనగా క్రాంతి కుమార్ అన్నాడు, "రేపు పెద్దసారుకు చూపించాలక్కా. ఒకసారి మొదట్నుంచి పోదాం."

పేజీ తర్వాత పేజీ సాఫీగా సాగింది. ఆ పేజీ రాగానే క్రిస్టినా వేలితో గబగబా పక్కకు జరిపింది. "బటన్," అన్నాడు జయరాజ్. మళ్లీ జరిపింది. "బటన్." ఫోను అక్కణ్ణుంచి ముందుకు పోలేదు. ఇంకోసారి జరిపింది. "బటన్."

క్రాంతి కుమార్ తొంగిచూశాడు. "ఇదేంది, దీనికి పేరే లేదే? బాగుందని రాసినావు గదక్కా."

"అబద్ధం రాసినా సార్."

"ఎందుకు?"

"అది పలికితే మా నాయన పోతాడు."

క్రాంతి కుమార్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొంతు తగ్గించి, "పోనీ, అట్లే వదిలేద్దాం. ఎవరు చూడొచ్చినారు?" అన్నాడు.

"బటన్," అన్నాడు జయరాజ్.

ఆ గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు చర్చిలో ఆమె వాక్యం మర్చిపోయి నిలబడిపోతే, అందించకుండా ఎదురుచూసినప్పటి ఓపికే ఉంది. చూపులేక, మొగుడు పోయిన ఆడమనుషులు ఎంతమంది ఈ బటను దగ్గరే ఆగిపోయి ఉంటారో అనుకుంది. అమ్మ మోకాళ్లు గుర్తొచ్చాయి.

"పేరు పెట్టండి సార్," అంది.

మర్నాడు పింఛను దరఖాస్తు కాగితాలు పట్టుకుని వరమ్మ కూడా వెంట వచ్చింది. కానీ లోపలికి రాలేకపోయింది, వరండా మెట్లమీదే కూర్చుండిపోయింది. క్రిస్టినా ఒక్కతే పేజీ తెరిచింది. జయరాజ్ ఒక్కొక్క గడీ చదివాడు. తొలగించవలసిన సభ్యుని పేరు. ఆమె రాసింది. "జయరాజ్," అని తన పేరు తానే చదివాడు. మరణించిన తేదీ చదివాడు. "పై వ్యక్తి మరణించిన మాట వాస్తవమని ధ్రువీకరిస్తున్నాను," అని ఎక్కడా తడబడకుండా చదివాడు.

"సమర్పించు. బటన్."

"నొక్కమంటావా నాయనా?" అని అడిగింది.

"సమర్పించు. బటన్."

ఆమె తెరమీద రెండుసార్లు తట్టి నొక్కింది. పేజీ మారింది. కార్డులో మిగిలినవాళ్ల పేర్లు చదవడం మొదలైంది. క్రిస్టినా చివరిదాకా విన్నది. క్రాంతి కుమార్ తల వంచుకుని లేచి బయటికి పోయాడు.

ఆమె కర్రతో మెట్లు వెతుక్కుంటూ వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"సదివినాడా?" అని అడిగింది వరమ్మ.

"నీ పేరు సదివినాడమ్మా. నా పేరూ సదివినాడు. మొత్తం ఇద్దరని మాత్రం ఇంగెవరో ఆమె సెప్పింది."