రెండు హెడ్లు, ఒక పెళ్లి ఫోటో అద్దం

మా ఆయన పని చెడిపోవడానికి నేనే కారణమట! పెళ్లయి ఇరవై మూడు రోజులు. అందులో ఎనిమిది రోజులు ఆయన నా మొహంకంటే ఎక్కువగా ఒక కారునే చూశాడు. అయినా నేనే కారణమట.

కారు ముత్యాల వ్యాపారి వైకుంఠం సేటుది. పాత అమెరికా బండి. ఎడమన నాలుగు సిలిండర్లు, కుడిన నాలుగు, ఒక్కో వరుస మీద మూతలాగా ఒక్కో ఇనుప హెడ్డు. చాంద్రాయణగుట్టలో మా ఆయన సొంత షెడ్డు పెట్టాక వచ్చిన మొదటి పెద్ద పని. వంకరపోయిన హెడ్లను బాలకిషన్ మెషీన్ షాపులో చదును చేయించి, ఇంజను బిగించాడు. స్టార్టు చేస్తే చలిజ్వరం వచ్చినట్టు వణికింది. విప్పి మళ్లీ బిగించినా అదే వణుకు.

నేను టిఫిను డబ్బా తీసుకెళ్లేసరికి సేటూ బాలకిషనూ అక్కడే ఉన్నారు.

"నా హెడ్లు అద్దం లెక్కున్నయి సేట్. మొఖం చూస్కొని తల దువ్వుకోవచ్చు. గడబడంత ఫిట్టింగులనే," అంటూ బాలకిషన్ నన్ను చూసి నవ్వాడు. "కొత్త పెండ్లికొడుకు గదా! చేతుల నట్లు తిప్పె పాన ఉన్నా, మనసు ఇంటికాడనే ఉంటది."

సేటు నవ్వలేదు. మా ఆయన వైపు తిరిగాడు. "రేపు పొద్దటిదాంక చూస్త భిక్షపతీ. గాకుంటె బండి వేరే దిక్కు తీస్కపోత."

అదే జరిగితే చార్మినార్ బజారంతా చెప్పుకుంటుంది. ఆ తర్వాత మా షెడ్డు గడప ఎవరు తొక్కుతారు? నా ఒళ్లు మండిపోయింది. మా ఆయన తల వంచుకుంటే ఇంకా మండింది.

వాళ్లు వెళ్లాక అడిగాను. "హెడ్లు ఎంత గీకారు?"

"వంకర పొయ్యేదాంక. ఎడమది జర ఎక్కువ వంకరుండె."

"అయితే అదే ఎక్కువ గీకి ఉంటారు. రెండూ చదునే, సరే. రెండూ సమానమేనా?"

ఆయన పాన కింద పెట్టాడు. "పైన పోత పోసిన దిక్కు ఎగుడుదిగుడు. మందం కొలిస్తే తెల్వది."

"సిలిండర్ల మీద మూసుకునే లోపలి గుంటలు కొలుద్దాం. ఎక్కువ గీకితే గుంట లోతు తగ్గుతుంది కదా."

బి.ఎస్సీ. ప్రాక్టికల్స్‌లో గాజు గొట్టంలోంచి పడే చుక్కలు లెక్కపెట్టినదాన్ని! మా వీధి కాంపౌండరు సీమోను గారి గాజు సిరంజి అడిగి తెచ్చాను. మా పెళ్లి ఫోటో అద్దం ఊడదీశాను. విప్పిన హెడ్లను వెల్లకిలా పెట్టి, గుంట మీద అద్దాన్ని గ్రీజుతో అతికించి, అంచు సందులోంచి కిరసనాయిలు ఎక్కించాం. కుడి గుంటలు ఏడున్నర సిరంజిలు తాగాయి. ఎడమవి ఏడే. గుంట చిన్నదైతే లోపల ఒత్తిడి ఎక్కువ. ఒక పక్క గట్టిగా గుంజుతూ ఇంకో పక్క మెల్లగా ఈడుస్తుంటే బండి వణకదూ?

బాలకిషన్ షాపుకు బయల్దేరాం. రిక్షాలో మా ఇద్దరి మధ్య రెండు హెడ్లు. చీరకు మసి. అదీ బాగానే ఉంది, ఊరేగింపులాగా.

"చదునైతె చాలు గద చెల్లె," అన్నాడు బాలకిషన్.

"అరిగిన చెప్పొకటి, కొత్త చెప్పొకటి వేసుకుని నడవండన్నా, చూస్తాను."

సిరంజి లాక్కుని తానే కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. కుడి హెడ్డును మెషీన్‌కు ఎక్కించాడు. "దీన్ని గూడ గంతే తీస్త."

రాత్రికి రాత్రే మా ఆయన ఇంజను బిగించాడు. పొద్దున్న బాలకిషన్ కూడా చూస్తుండగా సేటు తన చాయ్ కప్పును నడుస్తున్న ఇంజను మీద పెట్టాడు. ఒక్క చుక్క సాసర్లో పడలేదు.

"మషీన్ల జర ఫరక్ వచ్చింది సేట్," అన్నాడు బాలకిషన్.

మెషీనట! "తప్పు మెషీనుది కాదన్నా, మీది. ఫిట్టింగులో తప్పు లేదని చెప్పండి."

బాలకిషన్ సేటు వైపు తిరిగాడు. "లేదు సేట్. భిక్షపతి పని సాఫ్."

"మా తమ్ముని బండి గూడ పంపిస్త," అన్నాడు సేటు.

ఇంటికెళ్లి అద్దం కడిగి మా ఇద్దరి మీద మళ్లీ బిగించాను. బాలకిషన్ మీద కోపం మాత్రం అలాగే ఉంచుకున్నాను. 'మనసు ఇంటికాడ' అన్న మాట ఇంకా వెనక్కి తీసుకోలేదు మరి!