చెయ్యెత్తితే చాలు

వరసగా రెండుసార్లు ఓడి, రెండోసారి డిపాజిట్టు కూడా పోగొట్టుకున్నాక మాజీ మంత్రిగారికి టీవీలో ఒక కార్యక్రమం దొరికింది. పేరు ‘మనసు విప్పి’. ప్రతి ఆదివారం పొద్దున లైవులో ఆయన తన సొంత జీవితం చెప్పుకుంటాడు, చూసేవాళ్ళు ఫోన్లు చేసి తమది చెప్పుకుంటారు. పదవిలో ఉన్నన్నాళ్ళూ ఆయన అబద్ధాలన్నీ రోడ్ల గురించీ నీళ్ళ గురించీ కాబట్టి ఇంట్లోవాళ్ళకు పెద్దగా నొప్పి తెలియలేదు. ఇప్పుడు ఇంటిమీద పడ్డాడు.

ఆయన తమ్ముడికి కళ్ళజోళ్ళ కొట్టుంది. తమ్ముడికి చిన్నప్పటినుంచీ నత్తి. కావాలనే ఆ వ్యాపారం పెట్టుకున్నాడు. గోడమీది అక్షరాల అట్టను పుల్లతో చూపిస్తే సరి, చదవాల్సింది ఎదుటివాళ్ళే. అన్నయ్య మీద అతనికి పెద్ద ఫిర్యాదులేమీ ఉండేవి కావు. నోరున్నవాడిదే రాజ్యం, అన్నయ్యకు నోరుంది, రాజ్యం చేశాడు, అంతే అనుకునేవాడు.

ఒక ఆదివారం ఆ అన్నయ్య కెమెరా ముందు కళ్ళు తుడుచుకున్నాడు.

“చిన్నప్పుడు నాకు నత్తండీ. బడిలో పేరు పిలిస్తే ‘ప్రెజెంట్’ అనలేకపోయేవాణ్ణి. బెంచీ మీద కూర్చునుండగానే ఆబ్సెంటు వేసేసేవారు. ఒకరోజు మా అమ్మ బడికొచ్చి మాస్టారితో, ‘వాడు చెయ్యెత్తుతాడు బాబూ, అది చాలనుకోండి’ అంది. ఆ తల్లి వల్లే ఇవాళ మీ ముందు మాట్లాడుతున్నాను.”

స్టూడియోలో చప్పట్లు మోగాయి. ఇక్కడ తమ్ముడి చేతిలో కాఫీ చల్లారిపోయింది. నత్తి తనది. బెంచీ తనది. ఆ ఆబ్సెంట్లన్నీ తనవి. నత్తిని కూడా పట్టుకుపోయి ఉంటే సంతోషించేవాడే, దాన్ని మాత్రం ఇక్కడే వదిలేసి కథ ఒక్కటీ ఎత్తుకుపోయాడు. సరే, పోనీ. కానీ అమ్మ బడికి రావడం? అమ్మ జీవితమంతా అన్నయ్య సభలకే నడిచింది, అన్నయ్య దండలే మోసింది. తన కోసమని ఆవిడ గడప దాటిందల్లా ఆ ఒక్కరోజే. పోయిన మనిషి వచ్చి సాక్ష్యం చెప్పదు కదా. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు దాన్నీ ఊరందరికీ పంచిపెట్టేశాడు.

వారమంతా అతను ఆ సంగతే అడగాలని చూశాడు. అన్నయ్యకు ఫోన్ చేస్తే సహాయకుడు ఎత్తి, సగం మాటకే “సార్‌కి చెప్తానండీ” అని పెట్టేసేవాడు. కొట్టుకొచ్చిన ప్రతివాడూ, “మీ అన్నగారికీ నత్తేనటగా, ఎలా జయించారో చూడండి, మీరూ కాస్త ప్రయత్నించకూడదూ” అన్నవాడే. ఆ కోపంలో ఒకాయనకు దూరపు అద్దాల బదులు దగ్గరవి బిగించి, మళ్ళీ విప్పి సరిచేయాల్సొచ్చింది.

మళ్ళీ ఆదివారం తెరమీద నంబరు పడగానే ఫోను అందుకున్నాడు.

“నేను మాట్లాడనా?” అంది భార్య.

అతను వద్దన్నట్టు తల ఊపాడు. “ఇ... ఇది నాది.”

“అయితే ఒకసారి నాకు చెప్పండి.”

“అమ్మ బడికొచ్చింది నా కోసం, అన్నయ్యా.”

“ఎక్కడా ఆగలేదు,” అంది భార్య. “అలాగే అనండి.”

లైను కలిసింది. టీవీ సౌండు తగ్గించమన్నారు అవతలివాళ్ళు. ఆవిడ మొత్తం తీసేసింది. తెరమీద అన్నయ్య పెదాలు కదిలాయి, గొంతు చెవిలో వినిపించింది.

“చెప్పండి. ముందుగా మీ పేరు?”

వారమంతా సాధన చేసిన మాటల్లో పేరు లేదు. వేరే ఏ మాటయినా అడ్డం తిరిగితే దాని బదులు ఇంకోటి వెతుక్కోవచ్చు, పేరుకు బదులు పేరేముంటుంది? మొదటి అక్షరం దగ్గరే చిక్కుకున్నాడు. అక్షరం వచ్చింది, మళ్ళీ అదే వచ్చింది, మళ్ళీ అదే.

తెరమీద అన్నయ్య నవ్వు ఆగిపోయింది. గుర్తుపట్టాడు. ఒకే గదిలో పక్క పక్కన పడుకుని పెరిగినవాడు, ఆ తడబాటును గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు? భార్య కూడా ఆ ముఖం చూసింది. కాసేపు ఆగితే చాలు, అనుకున్నాడు తమ్ముడు, కాస్త ఆగితే వచ్చేస్తుంది.

“లైన్లో ఎవరూ లేనట్టున్నారండీ,” అన్నాడు అన్నయ్య. “తర్వాతి ఫోన్ తీసుకుందాం.”

తమ్ముడు ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు. రెండో చెయ్యి ఎప్పుడు లేచిందో అతనికే తెలియదు, బడిలోలా తల పక్కన నిటారుగా నిలబడి ఉంది. భార్య దగ్గరికొచ్చి మెల్లగా దాన్ని దించబోయింది. అతను దించనివ్వలేదు.