కోట తలుపు దగ్గర ఏనుగు

జహీరాబాద్‌లో చెన్నబసప్ప కాకా బొమ్మల దుకాణానికి ఆదివారం పూట గిరాకీలకన్నా ఆటగాళ్లే ఎక్కువ వస్తారు. దుకాణం నడుమ తలుపంత బల్ల ఉంటుంది. దాని మీద రంపపు పొట్టు అతికించిన గుట్టలు, ఆకుపచ్చ రంగు వేసిన చేలు, మధ్యలో మట్టి కోట. రెండు దిక్కుల నుంచి రెండు సైన్యాలు బయలుదేరతాయి. సిపాయి బొటనవేలంత ఉంటాడు. కోట తలుపును ఏనుగుతోనో ఫిరంగితోనో విరగ్గొట్టి, లోపలికి ఎవరి బొమ్మ ముందు పోతే వాళ్లు గెలిచినట్టు.

బొమ్మలను కాకా మట్టితో అచ్చుల్లో చేసి, రంగు లేకుండా అమ్ముతాడు. రంగు వేసుకోవడం కొన్నవాళ్ల పని. అందుకు ఆయన పెట్టిన రూల్స్ తలుపు పక్కన రేకు మీద రాసి ఉంటాయి. రంగు లేని బొమ్మ బల్ల ఎక్కదు. ప్రతి బొమ్మకూ కనీసం మూడు రంగులుండాలి, కాళ్ల కింది దిమ్మకు కూడా వేయాలి. తడి ఆరకుండా తెస్తే వాపసు. అన్నిటికన్నా కింద, పెద్ద అక్షరాల్లో, ‘రంగు వేసిన చెయ్యే ఆడాలి’ అని ఉంటుంది. పోయిన ఏడాది ఒకతను బోర్డులు రాసే ఆయనతో సైన్యం మొత్తానికి రంగు వేయించుకొచ్చాడట. ఆ గొడవ తర్వాత చేరిన రూల్ అది.

మల్లన్నకు ఆ సంగతి తెలుసు. తెలిసే నాతో వేయించుకున్నాడు. మల్లన్న అంటే మా రత్నమ్మ పెద్దమ్మ కొడుకు మల్లికార్జున్. న్యాల్‌కల్ దగ్గర మా ఊరి బడిలో ఏడో తరగతి అయిపోయాక, పై చదువు కోసం నన్ను వాళ్లింట్లో ఉంచారు.

“గిరిజా, నీ చెయ్యి కుదురుగుంటది. నేనేస్తే సిపాయి మీసం చెవుల్లకు పోతది,” అన్నాడు.

నిజమే. వాడు వేసిన ఒకే ఒక్క డోలువాడు చింతపండు ముద్దలా తయారయ్యాడు. మిగతావన్నీ నేనే వేశాను. ఎడ్ల కొమ్ములకు వేయగా మిగిలిన రంగు డబ్బాలు ఊరి నుంచి తెప్పించుకున్నాను. దూడ తోక వెంట్రుకలు చీపురుపుల్లకు కట్టి కుంచె చేసుకున్నాను. అన్నిటికన్నా ఏనుగు మీద ఎక్కువ రోజులు కూర్చున్నాను. వీపు మీద ఎర్ర పసుపు గళ్ల గుడ్డ, చెవుల అంచున తెల్ల చుక్కలు, తొండం పొడవునా సన్నటి తీగ.

దసరా ముందు ఆదివారం గెలిచిన సైన్యాన్ని కాకా ఏడాదంతా అద్దాల బీరువాలో పెడతాడు. బజారుకు వచ్చినవాళ్లంతా ఆగి చూస్తారు. నా ఏనుగు ఆ అద్దం వెనక నిలబడితే చాలనుకున్నాను. ఎవరు వేశారో ఎవరికీ తెలియకపోయినా సరే. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు అరచేతులు చెమటలు పడతాయి.

ఆ ఆదివారం కొత్తిమీర కోసమని బయలుదేరి, దుకాణం మెట్ల దగ్గర ఆగిపోయాను. ఎదుటి సైన్యం గింజలమ్మే గల్లా దుకాణం వాళ్ల అమర్నాథ్‌ది. వాడు మా ఏనుగును ఎత్తి చూశాడు.

“ఏం మల్లిగా, గింత సన్నటి గీత నువ్వే గీసినవా? నీ రాత జూస్తే కోడి గెలికినట్టుంటది గద!”

“ఏనుగు మీద మనసు పెట్టి గీసిన. గంతే.”

కాకా ఒక వట్టి సిపాయిని, కుంచెను, నల్ల రంగును మల్లన్న ముందు పెట్టాడు. “జర వీనికి మీసం పెట్టు.”

మల్లన్న ఊపిరి బిగబట్టి పెట్టాడు. మీసం తిన్నగా చెవిదాకా పోయింది. దుకాణమంతా నవ్వింది.

“రూల్ రూలే మల్లికార్జున్. పెట్టెల సదురుకో,” అన్నాడు కాకా.

మల్లన్న ఏనుగును తలకిందులుగా పెట్టెలోకి దింపాడు.

“నేనే,” అన్నాను.

“ఎవరు? ఏమన్నవ్ బిడ్డా?”

“నేనే ఏసిన కాకా. అన్న కాదు.”

అందరూ ఇటు తిరిగారు. పారిపోదామనుకున్నాను కానీ కాకా అప్పటికే ఇంకో సిపాయిని ముందుకు జరిపాడు. మీసం పెట్టి ఇచ్చాను. ఆయన వెలుతురుకు పట్టి చూసి, తల ఊపాడు. “అయితే నువ్వే ఆడాలె.”

“మరి నేను?” అన్నాడు మల్లన్న.

కాకా డోలువాణ్ణి వేళ్లతో ఎత్తాడు. “వీన్ని ఎవరేసిన్రు?”

“నేనే.”

“అడుగుడే దండుగ. నువ్వు గీ ఒక్కన్ని ఆడుకో.”

ఆట మొదలైంది. డోలువాడు మొదటి దెబ్బకే పడిపోయాడు. మల్లన్న పగలబడి నవ్వాడు. నాకు అలా నవ్వు రాలేదు. పాచికలో ఓడిన బొమ్మను ఎదుటివాళ్లు వేలితో పడగొట్టాలి. అమర్నాథ్ గోటితో టక్కున కొడతాడు. నా సిపాయి పడినప్పుడల్లా పాగా మీద రంగు పెచ్చు లేస్తోంది. నేను గుర్రాలను వెనక్కి తీసుకున్నాను. ఏనుగును గుట్ట చాటుకు జరిపాను.

“ఏందే గట్ల దాస్తున్నవ్? పెండ్లిపిల్లనా అది?” అన్నాడు మల్లన్న.

“మీ చెల్లె ఆడుతలేదురా, గూట్ల బొమ్మలు సదురుతున్నది,” అన్నాడు అమర్నాథ్.

వాడి సిపాయిలు కోటకు జానెడు దూరంలో ఉన్నారు. నా ఏనుగు మీద ఒక్క గీత కూడా చెదరలేదు. ఇలాగే ఉంచితే అది చెక్కుచెదరకుండా ఇంటికి పోతుంది, పెద్దమ్మ మంచం కింది పెట్టెలోకి. అద్దాల బీరువాలోకి కాదు.

“ఏనుగు,” అని గొణిగాను. ఎటు పంపేదీ పైకి చెప్పకపోతే ఆ ఎత్తు చెల్లదు.

“ఇనవడలే,” అన్నాడు కాకా.

“ఏనుగు! కోట తలుపుకు!”

నా అరుపుకు బయట సైకిల్ మీద పోతున్నాయన కాలు కింద పెట్టాడు.

పాచిక ఆరు పడింది. తలుపు విరిగినట్టే. వెంటనే అమర్నాథ్ ఫిరంగి వంతు వచ్చింది, వాడికీ ఆరే పడింది. గోటితో కొట్టాడు. ఏనుగు బల్ల అంచు దాటి బండ మీద పడింది. తొండం సగానికి విరిగింది.

“అయ్యో, కావాలని కొట్టలే గిరిజా,” అన్నాడు అమర్నాథ్.

నాకు ఏడుపొచ్చింది. కానీ కోట తలుపు తెరిచే ఉంది, వంతు నాదే, గుర్రానికి ఎంత దూరమైనా ఒక్క ఎత్తే.

“గుర్రాలు లోపల్కి,” అన్నాను. ఈసారి ఎవరూ వినబడలేదనలేదు.

నా ఎర్ర గుర్రం కోటలో నిలబడగానే మల్లన్న బల్ల చుట్టూ గంతులేశాడు. “మా చెల్లె! మా చెల్లె!” అని మెట్ల మీదికి పోయి బజారుకంతా చెప్పాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు, కానీ నవ్వు ఆగలేదు.

తొండం విరిగినచోట మట్టి కనబడుతోంది. మట్టి కనబడితే బీరువాలోకి రాదన్నాడు కాకా. అక్కడే స్టూలు మీద కూర్చుని రంగు పెట్టాను. అమర్నాథ్ పక్కన నిలబడి కుంచె వంక చూశాడు.

“వచ్చే ఏడు నా ఏనుగుకు గిట్ల తీగ ఏస్తవా?”

“నువ్వే ఏసుకో. కుంచె ఎట్ల కట్టాల్నో చెప్త.”

కాకా సైన్యాన్ని బీరువాలో వరసగా నిలబెట్టాడు. ఏనుగు దగ్గరికి వచ్చేసరికి, విరిగిన తొండం కనబడకుండా మొహం గోడవైపు తిప్పాడు.

“గట్ల కాదు కాకా,” అన్నాను. “బజారు దిక్కు పెట్టు.”