సీల ఊడిన కత్తెర

నేను ఒక కత్తెరలో సగాన్ని. రెండో సగం నా పక్కనే, ఇదే గుడ్డమూటలో ఉంది. ఇద్దరికీ తుప్పు పట్టింది. నా మీదున్నది తుప్పొక్కటే కాదు.

కొలిమిలో నాతోపాటు పుట్టిన గొడ్డలి ఒకటి గొప్పలు పోయేది. రాయి మొదట కాయలు కొట్టిందట, తర్వాత తలలు కొట్టిందట. కొడవలి, గునపం, రోకలి, మనిషి చేతికొచ్చిన ఏ పనిముట్టూ పనితో ఆగలేదట. నేను నవ్వుకున్నాను. గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెరతో ఎవరిని చంపుతారు?

కురుమ రాజవీరు బతికినన్నాళ్ళూ నన్ను వాడాడు. ఒక్క గొర్రె తోలుకైనా గాటు పడనివ్వలేదు. అతను పోయాక కొడుకులు ఐలయ్య, బీరయ్య వేరుపడ్డారు. పెద్దమనుషుల ముందు మందను, గొంగళ్ళను, చివరికి అంబలి కుండలను కూడా సమానంగా పంచుకున్నారు. నేను మిగిలాను. కత్తెర తన దగ్గరుంటుందని, అడిగినప్పుడు ఇస్తానని పెద్దవాడు ఐలయ్య అన్నాడు.

"బొచ్చు పెరిగినప్పుడల్లా నీ వాకిట్లకొచ్చి నిలబడాల్నా అన్నా?" అంటూ బీరయ్య రాయి అందుకుని నా నడుములోని సీల ఊడగొట్టాడు. "నీకో రెక్క, నాకో రెక్క. ఇగ పంచాది లేదు."

పెద్దమనుషులు న్యాయంగానే ఉందని తలలూపారు. మనుషులకు పాళ్ళు సరిపోతే చాలు, పని సాగకపోయినా సరే. తల్లి కొమురవ్వ కిందపడిన సీల ఏరి కొంగున ముడేసుకుంది.

"ఒంటి రెక్కతోని ఏం కోస్తవురా బిడ్డా?"

నేను బీరయ్య వాటాకొచ్చాను. ఒంటి రెక్క కత్తిరించలేదు. పొడవగలదు. తోడేళ్ళ కోసమంటూ బీరయ్య నా మొన నూరాడు. అన్న కూడా తన రెక్క నూరించాడని విని, మళ్ళీ నూరాడు.

ఆ ఎండాకాలం నీళ్ళ తొట్టి దగ్గర, ఎవరి మంద ముందు తాగాలని మాటామాటా పెరిగింది. ఐలయ్య చెయ్యి మొలలోకి పోయింది. బీరయ్య చెయ్యి అంతకంటే ముందు పోయింది. నేను అన్న పక్కటెముకల మధ్య దిగాను. రంగు మారిన నీళ్ళను గొర్రెలు ముట్టలేదు.

కోర్టులో వకీలు మా ఇద్దరినీ బల్ల మీద పెట్టి, ఈ ఆయుధాలను గుర్తుపడతావా అని కొమురవ్వను అడిగాడు. ఒక కొడుకు మట్టిలో, ఇంకొకడు బోనులో. ఆమె మమ్మల్ని ఒకదాని మీద ఒకటి పెట్టింది. చిల్లులు కలిశాయి. కొంగు ముడి విప్పి సీల దూర్చబోయింది.

"ఆయుధం కాదు సారూ. మా ఇంటాయన కత్తెర. సీల ఊడింది, గంతే."

జవాను మమ్మల్ని లాక్కున్నాడు. సాక్షి ఆయుధాలను గుర్తుపట్టిందని గుమస్తా రాసుకున్నాడు. బీరయ్యకు యావజ్జీవం పడింది.

మమ్మల్ని ఒకే మూటలో కట్టారు. సీల మాత్రం ముసలిదాని గుప్పిట్లోనే ఉండిపోయింది.