అక్క గదికి వేయని గ్రిల్లు

నేను ఏసీ డక్టులు, అంటే చల్లగాలి గొట్టాలు, వేసేవాణ్ని. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. ఎవరింటికి వెళ్ళినా పాఠం మొదలెట్టేస్తాను: "చల్లగాలి గదిలోకి పోతే సరిపోదండీ, లోపలి గాలి మళ్ళీ మిషన్‌కి చేరాలి. అందుకే తలుపు మూసుకునే ప్రతి గదికీ రిటర్న్ గ్రిల్లు, అంటే గాలిని వెనక్కి లాగే జాలీ, ఉండాలి." ఇన్ని నీతులు చెప్పే పెద్దమనిషిని, సొంత అక్క గదికి మాత్రం ఆ గ్రిల్లు వేయలేదు.

వేయాలనే గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాను. తీరా కొట్టబోతే దూలం అడ్డొచ్చింది. పక్కకి జరిపి వేయాలంటే ఇంకో పూట పని. అవతల పెద్ద షాపువాళ్ళు ఫోన్ మీద ఫోన్. అక్కే కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. గీత మీద రంగు పూసేసి, "తలుపు కింద సందు చాల్లే" అని చెక్కేశాను.

అక్క నర్సు. రాత్రి డ్యూటీ చేసొచ్చి, పగలు తలుపేసుకుని పడుకుంటుంది. "ఏరా, తలుపేస్తే గది చల్లబడట్లేదు" అని రెండుసార్లు ఫోన్ చేసింది.

"అయితే తీసి పడుకో. ఈ వయసులో అందరికీ ఉక్కగానే ఉంటుందిలే" అని నవ్వాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! మూడోసారి ఫోన్ రాలేదు. కుదిరిందనుకున్నాను, నా మొహం.

మూడు నెలల తర్వాత ఓ సెలవురోజు మధ్యాహ్నం ఫిల్టర్ మార్చడానికి వెళ్ళాను. హాల్లో సోఫా మీద అక్క ముడుచుకుని పడుకుని ఉంది. చెవుల్లో దూది, కళ్ళ మీద తువ్వాలు. పక్కనే టీవీ, పిల్లల కొట్లాట.

బావ గొంతు తగ్గించి చెప్పాడు: "రోజూ ఇంతేనయ్యా. మొన్న ఆస్పత్రిలో నిద్రమత్తులో ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వబోయిందట. పక్కనున్న నర్సు చూసి ఆపింది. వేరే మెకానిక్‌ని పిలుస్తానంటే, మా తమ్ముడి పనికి వంక పెడతారా అని నా మీదకే లేస్తుంది."

గదిలోకి వెళ్ళి తలుపేశాను. కింది సందు దగ్గర కాగితం ముక్క పెడితే రివ్వున హాల్లోకి ఎగిరిపోయింది. వచ్చిన గాలి బయటికి పోవడానికి ఆ సందులో తన్నుకుంటోంది. పోయే దారి చాలక, పైనుంచి కొత్త గాలీ సరిగ్గా రావట్లేదు. నాకు తల తీసేసినట్టయింది. అక్క ఫోన్ చేసిన ఆ రెండుసార్లూ నవ్వకుండా వినుంటే చాలు కదా!

డ్రిల్లు తెచ్చి, దూలం పక్కన గోడ కొట్టి, డక్టు కలిపి గ్రిల్లు బిగించాను. మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలకి వెనకాడి మూడు నెలలు అక్క నిద్ర తిన్నాను.

చప్పుడుకి ఎప్పుడో లేచిన అక్క, బావ పక్కన నిలబడి చూస్తోంది.

"ఇదేదో మొదట్లోనే వేయొచ్చుగా?" అన్నాడు బావ.

చెప్పేద్దామని నోరు తెరిచాను. "నేనే వద్దన్నానండీ, గోడ పాడవుతుందని" అనేసింది అక్క.

"చూశావా! తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, మీ అక్క సంగతి తెలిసిందేగా. అనవసరంగా నిన్ను తిట్టుకున్నానయ్యా, ఏమీ అనుకోకు."

"పర్లేదు బావగారూ" అన్నాను. ఆ మాటకి నన్ను చెప్పుతో కొట్టాలి.

అక్క గదిలోకి వెళ్తూ నా చొక్కా మీద సున్నం దులిపింది. "గీత మీద రంగు పూస్తున్నప్పుడే చూశాన్రా. ఏదో తొందరలో ఉన్నావులే అనుకున్నా" అని మెల్లగా అంది. తలుపేసుకుంది.

నేను హాల్లోకి వెళ్ళాను.

"బావగారూ, ఆ టీవీ కట్టేయండి. అక్క పడుకుంది. మీకో మాట చెప్పాలి."