ఒక గిన్నె ఎక్కువ

చిటికెనవేలికి పలచటి గుడ్డ చుట్టి గాజు గిన్నెలో దూర్చింది. ఒక తిప్పు తిప్పి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి, తెల్లగుడ్డ మీద బోర్లించింది. ఇంకోటి తీసుకుంది. గిన్నెలని పేరే గాని అవి బొటనవేలంత ఉంటాయి. నాలుగు చుక్కల ద్రాక్షరసం పోస్తే నిండిపోతాయి. వాటిలోకి చిటికెనవేలు తప్ప మరో వేలు పట్టదు. ముప్పై ఏళ్ళుగా అదే పని చెయ్యడంతో ఆమె కుడిచేతి చిటికెనవేలు మాత్రం తక్కిన ఒంటితో సంబంధం లేనట్టు తెల్లగా, మెత్తగా ఉంటుంది. తక్కినదంతా చీపురు పట్టిన చెయ్యి, బకెట్లు మోసిన చెయ్యి. దానికా నాజూకు ఎక్కణ్ణించి వస్తుంది!

చర్చిలో పిల్లా పెద్దా అందరూ ఆమెను గిన్నెలమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు సభ్యుల పుస్తకంలో భద్రంగా ఉంది. దాన్ని చివరిసారి ఎవరు చదివారో దేవుడికే తెలియాలి. చర్చి ఊడవడం, బెంచీలు తుడవడం, నెల మొదటి ఆదివారం ప్రభువు బల్లకు, అంటే సభ్యులంతా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారానికి, గిన్నెలూ రొట్టే సిద్ధం చెయ్యడం ఆమె పని. చర్చి వెనక మెట్లకింద ఒక గది ఇచ్చారు. మంచం, స్టవ్వు, పెట్టె ఉన్నాయందులో. నాలుగో వస్తువు లోపలికి రావాలంటే గిన్నెలమ్మ బయటికి రావాలి. అయినా అది ఆమె గది. అరవై దాటిన ఒంటరి మనిషికి తలుపూ గడియా ఉన్న చోటు ఎంతటిదో ఇళ్ళున్నవాళ్ళకు తెలియదు.

ఇప్పుడు చర్చి పక్కగదిలో, ఆమెకు ఎదురుగా నిలబడి మేస్టారి భార్య రొట్టె ముక్కలు కోస్తోంది. ఆమె భర్త బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఇప్పుడు ఆయన సంఘపెద్ద.

"ఇవాళ దర్జీ ఆవిడ దగ్గరికి వెళ్తున్నారటగా?" తలెత్తకుండా అడిగింది.

"అవునమ్మగారూ. ఆరాధన అయ్యాక. పాస్టరుగారూ మేస్టారూ వెళ్తున్నారు. పళ్ళెం పట్టుకోడానికి నేను."

"ఒప్పుకుంటుందంటావా?"

"ఏమోనమ్మా."

"ఒప్పుకుంటే బాగుండు. పోయేముందు ఇంకా పంతాలెందుకు?" అంది. కత్తి మాత్రం రొట్టెలో సగం దిగి ఆగిపోయింది. గిన్నెలమ్మ ఆ కత్తివైపు చూసి గబగబా ఇంకో గిన్నె అందుకుంది. ఏడేళ్ళుగా వీళ్ళిద్దరూ నెలకోసారి ఇదే గదిలో పనిచేస్తున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పని జరుపుకోవడం బాగా నేర్చుకున్నారు.

ఏడేళ్ళ కిందట ఒక శనివారం ఈ గదిలోనే మేస్టారి భార్య కుర్చీలో కూలబడి ఏడ్చింది. మోచేతి పైన వాచి, నల్లగా కమిలి ఉంది. గిన్నెలమ్మ నీళ్ళు కాచి కాపడం పెట్టింది. "మెట్లమీంచి పడ్డాను" అందావిడ. మెట్లమీంచి పడితే మోకాలు చితుకుతుంది, తల పగులుతుంది. అయిదు వేళ్ళూ అచ్చుగుద్దినట్టు పడవు. సరిగ్గా అప్పుడే బల్ల మీది గుడ్డకు కొలత తీసుకోడానికి దర్జీ ఆవిడ వచ్చింది, చూసింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడు ప్రార్థన ముగియగానే లేచి, "మేస్టారూ, ముందు ఇంట్లో మనిషి మీద చెయ్యెత్తడం మానండి. తర్వాత మాకు వాక్యం చెబుదురుగాని" అనేసింది, అందరి ముందూ.

పెద్దలు విచారణ పెట్టారు. మేస్టారి భార్య "పడ్డాను" అంది. గిన్నెలమ్మను పిలిచి, "ఆ గదిలో నువ్వూ ఉన్నావు కదా, ఏం చూశావు?" అన్నారు. గిన్నెలమ్మకు మెట్లకింద గది కళ్ళముందు కదిలింది. "నేను గిన్నెలు కడుక్కుంటున్నానయ్యా. నాకేం తెలీదు" అంది. ఆ ఒక్క మాటతో దర్జీ ఆవిడ అపనింద వేసిన మనిషయిపోయింది. "అబద్ధమాడాను" అని సంఘం ఎదుట నిలబడి ఒప్పుకునేదాకా ఆమెకు బల్ల లేదని తీర్మానం రాశారు. ఆమె ఒప్పుకోలేదు. చర్చికి రావడం మానలేదు కూడా. నెలనెలా వెనక బెంచీలో నిటారుగా కూర్చునేది. రొట్టె పళ్ళెం ఆమె ముక్కు ముందు నుంచే పక్కమనిషి దగ్గరికి వెళ్ళిపోయేది.

ఇప్పుడు ఆమెకు ఊపిరితిత్తులు పాడై మూడు నెలలు. సంఘం ఆమెను వదిలేసిందనడానికి వీల్లేదు. చర్చి గోడ మీద వంతుల కాగితం అంటించారు. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, రాత్రికి ఒకరు. ఒళ్ళు తుడుస్తారు, దుప్పట్లు ఉతుకుతారు, జావ తాగిస్తారు. డాక్టర్ని వెంటబెట్టుకొచ్చింది సాక్షాత్తూ మేస్టారే. అన్నీ చేస్తారు. ఆ గోరంత రొట్టెముక్క మాత్రం పెట్టరు. పోయేలోగా ఒక్కసారి బల్ల తీసుకోవాలని ఉందని మొన్న ఆవిడే కబురుపెట్టింది.

ఒప్పుకోదని గిన్నెలమ్మకు తెలుసు. ఒప్పుకోకపోతే ఆ ఆకలితోనే పోతుంది. నిజం చెప్పగలిగిన నోళ్ళు ఇంకా రెండున్నాయి, రెండూ ఇప్పుడు ఈ గదిలోనే ఉన్నాయి. ఒకటి రొట్టె కోస్తోంది, ఒకటి గిన్నెలు తుడుస్తోంది.

రెండో పాట అవుతుండగా గిన్నెలమ్మ తలుపు సందులోంచి తలలు లెక్కపెట్టింది. పిల్లల్ని తీసేసి, తనను కలుపుకుని, నలభై ఎనిమిది. సన్నముక్కు కూజాతో నలభై ఎనిమిది గిన్నెలు నింపింది. ఒక చుక్క కూడా పళ్ళెంలో ఒలకలేదు. కాని ఇవాళ నింపుతున్నంతసేపూ కూజా మూత టకటకమంటూనే ఉంది. చెయ్యి వణుకుతోందని ఒప్పుకోవడం ఇష్టంలేక, మూత వదులయిందనుకుంది.

పళ్ళేలు తిరిగి వచ్చాయి. నలభై ఏడు ఖాళీ, ఒకటి నిండుగా ఉంది. వెనకే మేస్టారు వచ్చాడు. పొడుగాటి మనిషి, తెల్లగా ఉతికిన చొక్కా, ఎప్పుడూ సుద్దముక్క పట్టుకున్నట్టే ఉండే వేళ్ళు. ఈ సంఘంలో సగంమందికి అక్షరాలు దిద్దించినవాడు. జబ్బుపడ్డ పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తిన రోజులూ ఉన్నాయి. చెడ్డవాళ్ళు పొద్దస్తమానం చెడ్డగానే ఉంటే లోకంలో తీర్పు చెప్పడం ఎంత తేలిక!

"మళ్ళీ ఒకటి ఎక్కువ పెట్టావు. ఏడేళ్ళయినా ఆవిణ్ణి లెక్కలోంచి తియ్యలేకపోతున్నావా?" అన్నాడు.

"అలవాటయ్యా."

"నీ లెక్కలు నా క్లాసులో అయితే గుండుసున్నా. సర్లే, ఇవాళ ఆవిడ ఒప్పుకుందంటే నీ లెక్క దానంతటదే సరిపోతుంది" అని నవ్వాడు. గిన్నెలమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు తన మొహం మీద ఉండటం ఆమెకే అసహ్యం వేసింది.

రెండు వీధుల అవతల, తాళాలు బాగుచేసే కొట్టు మీద, దర్జీ ఆవిడ గది. ముందు పాస్టరు, వెనక మేస్టారు, ఆ వెనక రొట్టెముక్కా, మిగిలిన ఆ గిన్నే ఉన్న పళ్ళెం పట్టుకుని గిన్నెలమ్మ. మెట్లు ఇరుకు. పాస్టరు కుర్రవాడు, నిరుడే వచ్చాడు. తీర్మానం ఆయన రాసింది కాదు. దాన్ని చింపే ధైర్యం ఆయనకింకా రాలేదు. మెట్టుమెట్టుకీ చంకలోని ఆరాధనక్రమం పుస్తకాన్ని సర్దుకుంటున్నాడు.

పొద్దుటి వంతు ఆవిడ వీళ్ళను చూసి లేచి ఇంటికి వెళ్ళింది. దర్జీ ఆవిడ మూడు దిళ్ళకు చేరగిలి ఉంది. మనిషి పుల్లలా అయిపోయింది, కళ్ళు మాత్రం పదును తగ్గలేదు. ఊపిరి తీసినప్పుడల్లా గొంతు కింద గుంట పడుతోంది. పాస్టరు స్టూలు మీద కూర్చున్నాడు. మేస్టారు నిలబడ్డాడు.

"ఏమే గిన్నెలూ, కూజా మూత పోగొట్టలేదు కదా?" అని ఎప్పటిలాగే ఆటపట్టించింది దర్జీ ఆవిడ, మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటూ.

"లేదక్కా" అంది గిన్నెలమ్మ.

"అమ్మా, నన్ను తప్పుగా అనుకోవద్దు. అడగాలి కాబట్టి అడుగుతున్నాను" అన్నాడు పాస్టరు. "ఆ రోజు మీరన్న మాట అబద్ధమని ఒప్పుకుంటారా? తలూపినా చాలు."

"అబద్ధం ఒప్పుకుని రొట్టె తింటే... అది గొంతు దిగుతుందా నాయనా?"

"చూశారా అయ్యగారూ!" అన్నాడు మేస్టారు. గొంతులో కోపంకన్నా అలసట ఎక్కువ ఉంది. "నేనెప్పుడో క్షమించేశాను. ఆవిడే క్షమాపణ అడగదు. ఇంక నేనేం చెయ్యను?"

గిన్నెలమ్మ చూపు పక్కకు తిప్పుకుంది. అది కిటికీ దగ్గరి కుట్టుమిషను మీద పడింది. సూది కింద నీలం మీద తెల్లచుక్కల జాకెట్టు ఉంది. మగవాళ్ళకు మిషను మీద ఉన్నది గుడ్డ. ఆడవాళ్ళకు అది ఫలానావాళ్ళ గుడ్డ. ఈవిడ మంచం పట్టకముందు ఒకసారి మేస్టారి భార్య సంచిలోంచి ఆ చుక్కల అంచు బయటికి కనబడింది. జాకెట్టుకు చెయ్యి మణికట్టుదాకా ఉంది. ఈ ఏడేళ్ళూ మేస్టారి భార్య మండుటెండల్లో కూడా పొడుగు చేతులే తొడిగింది. వాటిని ఎవరు కుడుతున్నారో గిన్నెలమ్మ ఒక్కనాడూ ఆలోచించలేదు. తనను అబద్ధాలకోరును చేసిన మనిషికి, ఆ దెబ్బలు నలుగురికీ కనబడకుండా, ఈవిడే కుడుతోంది. కొలతలు తీసుకున్న ప్రతిసారీ ఆ చేతుల్ని చూస్తూనే ఉండి ఉంటుంది.

పాస్టరు పుస్తకం తెరిచాడు. రోగి ఇంట్లో బల్ల ఇవ్వాలన్నా మానాలన్నా, ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడగాలి. అది ఆ సంఘంలో పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. ఎన్ని ఇళ్ళలో, ఎన్ని మంచాల పక్కన గిన్నెలమ్మ ఆ ప్రశ్న విందో! వచ్చిన జవాబు ఎప్పుడూ ఒకటే.

"ఈ గదిలో ఎవరికైనా ఎవరిమీదైనా ఏమైనా ఉందా?"

"నాకేమీ లేదు" అన్నాడు మేస్టారు వెంటనే.

దర్జీ ఆవిడ కళ్ళు మూసుకుని చిన్నగా తల అడ్డంగా ఊపింది. పాస్టరు గిన్నెలమ్మ వైపు చూశాడు. అది కూడా మామూలుగా చూడటమే. జవాబు వచ్చేసినట్టే పేజీ తిప్పబోయాడు.

"ఉందయ్యా" అంది గిన్నెలమ్మ.

మేస్టారు తల తిప్పాడు. "ఏముంది?"

"నా మీద నాకే ఉంది. ఆ రోజు నేను చూశాను. అమ్మగారి చేతిమీద అయిదు వేళ్ళూ చూశాను. కాపడం పెట్టింది నేనే. అక్క చెప్పింది నిజం. నేను చెప్పింది అబద్ధం." పళ్ళెంలో గిన్నె గలగలలాడుతోంది. ఈసారి మూత మీద నెపం పెట్టే వీల్లేదు. "అక్క నోట్లో రొట్టె తీసేసింది నేనయ్యా."

"మతిపోయిందా నీకు?" మేస్టారి మొహం పాలిపోయింది. "ఏడేళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్ ఈ మాట?"

"నోట్లోనేనయ్యా. అందుకే ఇంకేదీ మింగలేకపోయాను. నెలనెలా మిగులుతున్న గిన్నె అక్కది కాదు, నాది. లెక్క నేనెప్పుడూ తప్పలేదు. ఏడేళ్ళుగా నేనే ముట్టలేదు."

కింద కొట్టులో ఎవరో తాళాన్ని సుత్తితో కొడుతున్నారు. మేస్టారు గోడ పట్టుకున్నాడు. పాస్టరు పుస్తకం మూసి మంచం మీద పెట్టాడు. ఇంక ఎవరినీ అడగలేదు. రొట్టెముక్క తీసుకుని మోకాళ్ళమీద వంగి, "అమ్మా, తీసుకోండి" అన్నాడు.

పెదవులు కదల్లేదు. మళ్ళీ పిలిచాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

అందరూ గిన్నెలమ్మనే చూస్తున్నప్పుడు మంచాన్ని ఎవరూ చూడలేదు. ఏ మాట దగ్గర పోయిందో ఎవరికీ తెలియదు. మొదటి మాట విందో, చివరిదాకా విందో, అసలేమీ వినలేదో.

"వినే ఉంటుందమ్మా" అన్నాడు పాస్టరు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వినే ఉంటుంది అనడం వేరు, విన్నది అనడం వేరు. ఏడేళ్ళలో ఏ రోజయినా చెప్పగలిగిన నాలుగు మాటలకు ఇవాళ ఒక నిమిషం ఆలస్యమైంది. గిన్నెలమ్మ గోడకు ఆనుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

మేస్టారు మెట్లు దిగిపోయాడు. కబురు చెప్పడానికి పాస్టరు చర్చికి వెళ్ళాడు. సాయంత్రానికల్లా గది తాళంచెవి అడుగుతారని గిన్నెలమ్మకు తెలుసు. అడగనీ అనుకుంది. వేణ్ణీళ్ళు తెచ్చి దర్జీ ఆవిడ మొహం తుడిచింది, చేతులు తుడిచింది. వేళ్ళ సందులు శుభ్రంచేసి, ఒక్కొక్క వేలినీ వెలుతురులో చూసుకుని దుప్పటి మీద ఉంచింది.

మెట్లమీద చెప్పుల చప్పుడయింది. మధ్యాహ్నం వంతు మేస్టారి భార్యది. జావ గిన్నెతో గుమ్మంలో ఆగిపోయింది. మంచం చూసింది. ఏం జరిగిందో గిన్నెలమ్మ దాచకుండా చెప్పింది. వింటూ వింటూ ఆమె జావ గిన్నెను నేలమీద పెట్టి, అక్కడే కూర్చుండిపోయింది. దర్జీ ఆవిడ పాదాలు పట్టుకుంది.

"అమ్మగారూ, జాకెట్టు మీదేగా. తీసుకెళ్ళండి, జనం వచ్చేస్తారు" అంది గిన్నెలమ్మ.

ఆమె లేచి మిషను దగ్గరికి వెళ్ళింది. గుడ్డ మీద చెయ్యి వేసి, తీసేసింది.

"పాస్టరుగారు చర్చిలోనే ఉన్నారా?"

"ఉన్నారమ్మా."

"నేను వెళ్ళి మాట్లాడతాను. అది అక్కడే ఉండనీ. నాకింక పొడుగు చేతులు అక్కర్లేదు."

ఈసారి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె మెట్లు దిగి వెళ్ళింది. చెప్పుల చప్పుడు వీధిలో కలిసిపోయేదాకా గిన్నెలమ్మ విన్నది. మిషను మీద, దించిన సూది కింద, నీలం జాకెట్టు అలాగే ఉంది. ఒక చెయ్యి మణికట్టుదాకా కుట్టి ఉంది, రెండోది ఇంకా ఎక్కించలేదు.