నాలుగో స్టేషన్

చేతికి తొడుగులు ఉంచుకుని తీగ ముడి వేయడం ఎవరి తరమూ కాదు. అందుకే ఆమె రెండూ తీసి ఒళ్లో పెట్టుకుని, కొంకర్లు పోతున్న వేళ్లతో యాంటెన్నా తీగను కర్రకు కట్టింది. ఎనిమిది చలికాలాలుగా ఈ కొండ మీద ఈ ముడి ఆమెదే. బ్యాటరీ మోసింది ఆమె, ఫ్లాస్కులో టీ తెచ్చింది ఆమె, ఎవరితో ఏ నిమిషాన మాట్లాడారో పుస్తకంలో రాసింది ఆమె. మైకు మాత్రం భర్తది. "నీ గొంతు సన్నం, గాల్లో నిలవదు. నువ్వు రాయి, నీ రాత ముత్యాలు" అనేవాడు. ఓ మెచ్చుకోలు పడేసి గాడిదచాకిరీ చేయించుకోవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

రేడియోలో మాట్లాడే లైసెన్సు ఆమెకూ ఉంది. ఇద్దరూ ఒకే రోజు పరీక్ష రాశారు. ఆయన తలుపేసుకుని చదివాడు, ఆమె పొయ్యి మీద పాలు చూసుకుంటూ చదివింది. తనకంటూ ఒక కాల్ సైన్ వచ్చిననాడు, ఆ అక్షరాలూ అంకెలూ ప్రపంచంలో ఇంకెవరికీ ఉండవని తెలిసి ఎంత సంబరపడిందో! ఆ కాగితం బీరువాలో బట్టల అడుగున పడి ఉంది.

ఈసారి ఆయనకు నడుం పట్టేసింది. "ఈ ఏడు కొండ మానేద్దాంలే" అన్నాడు. ఆయన మానేస్తే ఇద్దరూ మానేసినట్టే మరి. "నేను వెళ్తాను" అంది ఆమె. "మొగుడు మంచమెక్కితే కోడలు కొండెక్కుతుందట!" అని అత్తగారు గోడకు చెప్పుకున్నారు. రెండు పూటలకూ వండి, మూతలు పెట్టి, బయల్దేరింది.

చలికాలపు పోటీలో నియమం ఒక్కటే. శిఖరం మీంచి కనీసం నాలుగు స్టేషన్లతో, అంటే ఎక్కడో సెట్టు ముందు కూర్చున్న నలుగురితో, మాట్లాడాలి. అవతలివారు మన కాల్ సైన్ తిరిగి చెప్పి, గొంతు ఎలా వినబడుతోందో చెప్పాలి. అప్పుడే లెక్క. ఇన్నేళ్ల పుస్తకంలో ఆమె కాల్ సైన్ ఒక్కసారి కూడా లేదు. ఈ ఒక్కరోజు ఉండాలని ఆమె కోరిక.

మొదట దొరికింది భర్త స్నేహితుడు, పళ్ల డాక్టరు. "మీవారికి మైకివ్వండమ్మా."

"ఆయన రాలేదండీ. నేనే."

"ఒక్కరేనా! మరి ఇంట్లో వంటో?"

అయిందని చెప్పి, కాల్ సైన్ తిరిగి చెప్పించుకుని రాసుకుంది. రెండో మనిషి ఓడలో వంటవాడు, వంట సంగతి ఎత్తనైనా ఎత్తలేదు. మూడో ఆవిడ బడిపంతులమ్మ. "ఎన్నాళ్లకు ఆడగొంతు విన్నానమ్మా!" అని కేకేసింది. ఆ తర్వాత గంటసేపు ఉలుకూ పలుకూ లేదు. టీ చల్లారిపోయింది. బ్యాటరీ ముల్లు ఎర్రగీతకు దగ్గరపడుతోంది. ఒళ్లంతా అలసట. అది ఈ ఒక్కరోజు ఎక్కిన కొండది కాదని ఆమెకు తెలుసు.

"ఏయ్, నిన్నే!" అంది రేడియో. ఇంట్లో సెట్టు ముందు భర్త. "నా ఉన్ని మఫ్లర్ ఎక్కడ పెట్టావ్?"

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇంటి స్టేషనైనా స్టేషనే. "చెప్తాను. ముందు నా కాల్ సైన్ చెప్పి, ఎలా వినబడుతున్నానో చెప్పండి. మీతో నాలుగూ అయిపోతాయి."

"ఇక్కడ చలికి చస్తుంటే ఆటలేంటే నీకు?"

"ఒక్క నిమిషం పనండీ."

కాసేపు గరగర. తర్వాత, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో, "నీదేంటది... చివర్లో ఏమొస్తుంది?" అన్నాడు.

ఆమె పెన్సిల్ ఆగిపోయింది. ఆయన కాల్ సైన్ తను ఎన్ని వేలసార్లు రాసిందో! నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఇప్పుడు తనది అందిస్తే ఆయన అప్పజెప్పేస్తాడు, దిగిపోవచ్చు. దిగిపోవాలనే ఉంది, కాళ్లు లాగేస్తున్నాయి. ముల్లు ఎర్రగీతను తాకింది.

తర్వాత మైకు మీట నొక్కి, దారితప్పి వచ్చిన స్టేషన్లతో ఆయన మాట్లాడే మర్యాదతోనే మాట్లాడింది.

"ఈ ఫ్రీక్వెన్సీ మీద నేను పనిలో ఉన్నానండీ. దయచేసి ఖాళీ చేయండి. నాలుగో స్టేషన్ కోసం చూస్తున్నాను."